నీలం గౌన్లు

సూది పళ్ల మధ్య బిగించి, ఒడీలియా కూతుర్ని భుజాలు పట్టి అటు తిప్పింది.

"కదిలావంటే వీపులో దిగుతుంది. తర్వాత నన్ననకు."

"నేను కదలట్లేదమ్మా, గౌనే కదుల్తోంది" అంది మాంకా. ఎనిమిదేళ్ల పిల్ల. గౌను అయిందా, గౌను అయిందా అని పొద్దున్నుంచీ కుట్టు మెషిన్ చుట్టూ తిరిగి తల్లి ప్రాణం తోడేసింది. ఇప్పుడు అది ఒంటిమీద పడేసరికి ఊపిరి కూడా జాగ్రత్తగా పీలుస్తోంది.

వసారా చివర చాపమీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్న అత్తగారు, అక్వెన్ ముసలమ్మ, తలెత్తి మనవరాలిని పైనుంచి కిందిదాకా చూసింది.

"అచ్చం బడికి పోయే పిల్లలా ఉంది" అంది.

ఒడీలియా చెయ్యి ఆగిపోయింది. నోట్లోంచి సూది తీసి మెడ దగ్గర తన గుడ్డకే గుచ్చుకుని, ముందు రోడ్డు వైపు చూసింది, తర్వాత అత్త వైపు.

"అత్తా, నీకు దణ్ణం పెడతా. ఆ మాట ఇంకోసారి అనకు."

"ఏం మాటన్నానే?"

"అదే. బడి."

"నువ్వంటే పర్వాలేదు, నేనంటే తప్పొచ్చిందా" అని ముసలమ్మ మళ్లీ కాయల్లో పడింది.

మాట అనకపోయినంత మాత్రాన గుడ్డ మారదు కదా. అది బడి గుడ్డే. ఏటా ఆగస్టు వానల్లో ఊళ్లో పిల్లలందరికీ బడి బట్టలు కుట్టింది ఒడీలియానే. సర్కారు మీద తిరగబడి తుపాకులు పట్టి అడవిలోకి పోయిన కుర్రాళ్లు, సర్కారు బడులు నడవడానికి వీల్లేదన్నారు. బడులు మూతపడి మూడేళ్లు దాటింది. మూతపడిన ఏటి కోసం తెప్పించిన నీలం గుడ్డ తాను రేకు పెట్టెలో అలాగే పడి ఉంది. ఈ క్రిస్మస్‌కి కూడా అలాగే పడి ఉండేది. కానీ కుర్రాళ్లు బమెండా పట్నం రోడ్డుకి అడ్డంగా చెట్లు నరికి పడేశారు, సంతలోకి కొత్త గుడ్డ ముక్క రాలేదు. ఆ ఊళ్లో క్రిస్మస్ నాడు కొత్త గౌను లేని ఆడపిల్ల గడప దాటదు. మిగతా పిల్లలు గుంపుగా ఇంటింటికీ తిరిగి అన్నం, కూర, మిఠాయిలు తింటుంటే తలుపు చాటున నిలబడి చూడాల్సిందే. ఏ తల్లి చూస్తూ ఊరుకుంటుంది? ఒక్కొక్కరే వచ్చారు. "మాంకా అమ్మా, నీ పెట్టెలో ఏదో ఉందటగా" అని గొంతు తగ్గించి అడిగారు. అదేం గుడ్డో అందరికీ తెలుసు. ఒక్కరూ పేరెత్తలేదు. ఒడీలియా కూడా ఎత్తలేదు. కాలరు పెట్టలేదు, నడుముకి ఎర్ర రిబ్బను వేసింది, పాత దోమతెర కత్తిరించి కింద అంచుకి కుచ్చులు పెట్టింది. ఇంకెవరు పోల్చుకుంటారులే అనుకుంది.

మధ్యాహ్నం పిల్లలంతా గౌన్లు తొడుక్కుని చూపించుకోడానికి వచ్చారు. రెండిళ్ల అవతలి జసింతా కూతుళ్లిద్దరూ, అందరిలోకీ పెద్దదైన లిబోరియా, కింద వీధి పిల్లలు. ఒడీలియా ఒక్కొక్కరి చంకల కింద, మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఊడిన దారాలు పళ్లతో తెంపి పంపించింది. తర్వాత బిందె తీసుకుని గుట్టమీది ఊట దగ్గరికి వెళ్లింది. నీళ్లు నిండేదాకా నడుమ్మీద చేతులు పెట్టుకుని కిందికి చూసింది.

కింద రోడ్డుమీద ఒక బడి నడిచిపోతోంది.

ఇందాకటి పిల్లలే, తను కుట్టిన గౌన్లే. కానీ అక్కణ్నుంచి కుచ్చులు కనిపించట్లేదు, రిబ్బన్లు కనిపించట్లేదు. దోమతెర అంచు అసలే కనిపించట్లేదు. మెషిన్ దగ్గర కూర్చుని రెండు జానల దూరం నుంచి చూసుకుని మురిసిపోయింది గానీ, తుపాకీ పట్టుకున్నవాడు రెండు జానల దూరం నుంచి చూడడు కదా. ఒక్కొక్క పిల్లా విడిగా ఉంటే గౌనే. అందరూ కలిస్తే బడి. ఈ సంగతి ముందు ఎందుకు తట్టలేదో ఆమెకే అర్థం కాలేదు. బిందె నిండి పొర్లి కాళ్లమీద పడుతున్నా కదల్లేదు.

సాయంత్రం జసింతా ఆయాసపడుతూ వచ్చింది. ఊళ్లో ఏం జరిగినా ముందు ఆవిడ చెవిన పడాల్సిందే.

"విన్నావా మాంకా అమ్మా? జనవరిలో బడులు తెరుస్తామని సర్కారువాళ్లు రేడియోలో చెప్పారంట. కుర్రాళ్లు అగ్గిమీద ఉన్నారు. సంత రోడ్డులో ఒక పిల్ల సంచిలో పలకా పుస్తకాలూ దొరికాయంట. మొత్తం తగలబెట్టి, ఆ తల్లిని బురదలో మోకాళ్లమీద కూర్చోబెట్టారు. పొద్దు గూకేదాకా."

"ఎవరు చెప్పారు?"

"చూసినవాళ్లే చెప్పారు. ఆ తల్లికి ఇంకా నోట మాట రావట్లేదంట."

ఒడీలియా చుట్టూ చూసి, జసింతాని చెయ్యి పట్టి లోపలికి లాగింది.

"నీ పిల్లల గౌన్లు వెనక్కి తెచ్చిచ్చెయ్యి."

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఇప్పుడు నువ్వే చెప్పావుగా."

జసింతా చెయ్యి విడిపించుకుంది. "చెప్పింది సంచి సంగతి. గౌను సంగతి కాదు. నువ్వే కదా అన్నావు కుచ్చులు పెడితే ఎవడికీ తెలీదని."

"గుట్టమీంచి చూశాను. తెలుస్తోంది."

"అయితే గుట్టెక్కకు" అంది జసింతా. ఆ వెంటనే ఏడుపు మొహం పెట్టింది. "పోయిన క్రిస్మస్ పొదల్లో చేశాం. గుర్తుందా? మిలిటరీ వచ్చిందని పరిగెత్తి, పచ్చి అరటికాయలు కాల్చుకు తిన్నాం. నా చిన్నది గౌను వేసుకునే పడుకుంటానంటోంది రెండ్రోజుల్నుంచీ. దాని ఒంటిమీంచి నేనెలా విప్పేది? నీకంత భయంగా ఉంటే నీ పిల్లది మార్చుకో."

ఒడీలియా చీకటి పడేలోపు మిగతా ఇళ్లు కూడా తిరిగింది. ఎవరూ ఇవ్వలేదు. ఒకావిడ నవ్వేసింది. ఒకావిడ తలుపు సగమే తీసింది. లిబోరియా తల్లి మాత్రం చివరికి ఒక దారి చెప్పింది: పండగనాడు పిల్లల్ని కలిపి పంపకుండా, ఒక్కొక్కర్ని ఒక్కో దారిన చర్చికి పంపిద్దాం. అందరూ దానికి ఒప్పుకున్నారు. ఒడీలియా కూడా ఒప్పుకుంది గానీ ఆ రాత్రి కన్ను మూత పడలేదు. పెద్ద నేరమేదో తన చేత్తోనే కత్తిరించి, తన చేత్తోనే కుట్టి, ఇంటింటికీ పంచినట్టు అనిపించింది. ఒక్క పిల్లకి ఏమైనా సరే, ఆ తల్లి ముందు నిలబడాల్సింది తనే.

తెల్లారాక ముసలమ్మే ఉపాయం చెప్పింది.

"జ్వరానికి కాచి తాగే బెరడు ఉందిగా. అది తగిలితే ఎంత ఉతికినా పసుపు పోదు. నీలం మీద పసుపు పడితే చిలకపచ్చ వస్తుంది. మన పిల్ల గౌనైనా మారుద్దాం. బాగుందంటే మిగతావాళ్లే పరిగెత్తుకొస్తారు చూడు."

ఒడీలియాకి ప్రాణం లేచొచ్చింది. పండగ బియ్యం పెద్ద సత్తు గిన్నెలో నానుతున్నాయి కాబట్టి పెరట్లో బోర్లించి ఉన్న పాత ఇనప కుండ తీసి, పైపైన తోమి, పొయ్యిమీద పెట్టింది. బెరడు ముక్కలు వేసి మరగనిచ్చింది. నీళ్లు చిక్కటి పసుపు రంగుకి తిరిగాయి. దోమతెర కుచ్చులూ రిబ్బనూ వేడికి పాడవుతాయేమోనని ముందే విప్పి పక్కన పెట్టి, గౌను ముంచి, కర్రతో తిప్పింది. మాంకా పొగలో కళ్లు నులుముకుంటూ పక్కనే నిలబడింది.

"అమ్మా, చిలకపచ్చంటే ఎంత పచ్చ?"

"చూస్తావుగా."

చూశారు. కుండ అడుగున ఎన్నాళ్లనుంచో పేరుకున్న తుప్పు రంగులో కలిసింది. కర్రతో పైకెత్తి దండెం మీద వేస్తే గౌను చిలకపచ్చగా లేదు. ముదురు, మురికి, ఆకు నీడ పచ్చ. ఆ రంగు ఆ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. పట్నంనుంచి ట్రక్కుల్లో దిగే సైనికులు ఆ రంగే తొడుగుతారు. అడవిలో కుర్రాళ్లు ఆ రంగు కోసమే పడి చస్తారు. మామూలు మనిషి ఇంట్లో ఆ రంగు గుడ్డ దొరికితే ఎటువాళ్లు వచ్చినా ఇల్లు మిగలదు.

ముసలమ్మ దగ్గరికొచ్చి తడి గౌనుని వేలితో ముట్టి చూసింది.

"ఆరితే తేలుతుందేమోలే" అంది మెల్లగా.

ఆరింది. సైనికుల రంగు ఇంకా బాగా కుదిరింది.

పొద్దు వాలాక ఒడీలియా భర్త తాడియస్ కాఫీ తోటల వెనకనుంచి వచ్చాడు. యాభై లోపు మగవాళ్లెవరూ రాత్రుళ్లు ఊళ్లో పడుకోవట్లేదు. సైనికులు పట్టుకుపోతారని చేను గుడిసెల్లోనే ఉంటున్నారు. పండగ కదా అని చంకలో పుంజుని పెట్టుకుని, అది కూయకుండా ముక్కుకి తాడు కట్టి తెచ్చాడు. దాన్ని ముసలమ్మ చేతికిచ్చి, దండెం చూసి అలాగే నిలబడిపోయాడు.

"ఇదేంటి?"

"మాంకా గౌను."

"మాంకా గౌనా? ఏ దళంలో చేర్పిస్తున్నావు?"

"బెరడు రంగులో ముంచాం. ఇలా అయింది."

తాడియస్ గౌనుని దండెంమీంచి లాగి ఉండచుట్టి చంకలో పెట్టుకున్నాడు. గొంతు పెంచకుండానే తిట్టాడు. ఆ ఊళ్లో అందరికీ అలవాటైపోయిన తిట్టు అది, గోడ దాటి వినపడదు. "రేపు మిలిటరీ వాడొచ్చి ఇదేంట్రా అంటే నేనేం చెప్పాలి? మా ఆవిడ రంగులు కలిపిందండీ అని చెప్పాలా? వాడు విని నవ్వుకుని వెళ్లిపోతాడా? అయినా నీలంగా ఉంటే వీళ్లు చంపుతారు, పచ్చగా ఉంటే వాళ్లు చంపుతారు. నీ చేతికి మూడో రంగు దొరకలేదా?"

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మాంకా గడపలో కూర్చుని తండ్రి చంకలో ఉండనే చూస్తోంది. ఏడుపు బయటికి రాకుండా పెదవులు లోపలికి మింగేసింది.

"రేపు నేను ఇంట్లోనే ఉంటాలే" అంది చివరికి. "పోయినేటి గౌను బిగుతైపోయింది. అందరూ నవ్వుతారు."

అంతవరకూ నిలబడగలిగిన ఒడీలియా ఆ మాటతో వంటింట్లోకి వెళ్లిపోయింది. గౌను పొద్దున్నే పొయ్యిలో వేస్తానని భర్తకి మాటిచ్చి తీసుకుని, కర్రపెండలం రవ్వ పోసే డబ్బాలో అడుగున పెట్టి పైన రవ్వ పోసింది. తర్వాత పిండి కలిపి, చిన్న చిన్న బిళ్లలుగా కోసి, నూనెలో వేయిస్తూ కూర్చుంది. నూనె చిటపటమన్నప్పుడల్లా తలుపు వైపు చూస్తోంది. దూరంగా ఎక్కడో రెండుసార్లు కాల్పులు వినిపించాయి. మునుపు ఈ రాత్రి ఊరంతా పాటలతో మోగేది. ఇప్పుడు అర్ధరాత్రి పూజ ఎత్తేశారు, పొద్దున పూజ ఒక్కటే. దేవుడు ఈసారికి పగటిపూటే పుడతాడు అని అక్వెన్ ముసలమ్మ నవ్వబోయింది.

పండగ పొద్దున ఉత్తరంనుంచి దుమ్ముగాలి వీస్తోంది. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఒడీలియా హడావుడిలో గౌను సంగతి మరిచి, కోడికూర దించి, అన్నం వార్చి, మొహం కడుక్కుని వచ్చేసరికి మాంకా గడపలో సిద్ధంగా ఉంది. పాత స్వెటరు గుండీలన్నీ గొంతుదాకా పెట్టేసింది. నడుం నుంచి మడమలదాకా నాయనమ్మ చుట్టుగుడ్డ చుట్టుకుంది.

"నేనూ వస్తా."

"ఇంట్లో ఉంటానన్నావుగా?"

"చర్చికొస్తా. ఇళ్లకి వెళ్లను. స్వెటరు ఉంటే పాత గౌను కనపడదుగా."

తల్లి మనసు కరిగిపోయింది. దాని తల నిమిరి, చేతిలో ఒక ఎన్‌కెంగ్ ఆకు పెట్టింది. దారిన పోయేవాళ్లు ఆ ఆకు పట్టుకుంటే గొడవకి రావట్లేదని గుర్తు. తాడియస్ పెరటి తలుపు దగ్గరే నిలబడి, "పూజ అయిపోగానే వచ్చెయ్యండి. ఎవరితో మాటలు పెట్టుకోకు" అని చెప్పి కాఫీ చెట్ల వైపు తప్పుకున్నాడు. మగవాళ్లు రోడ్డెక్కే రోజులు కావు.

అనుకున్నట్టే తల్లులంతా పిల్లల్ని తలో దారిన పంపారు. జసింతా పిల్లలు అరటితోట వెనకనుంచి, లిబోరియా శ్మశానం పక్కనుంచి, కింద వీధివాళ్లు రోడ్డుమీంచి. బాగానే ఉంది. ఒక్క సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. చర్చి వాగు అవతల ఉంది, వాగు మీద వంతెన ఒక్కటే ఉంది. ఆ వంతెన మొదట్లో, రాత్రికి రాత్రి, కుర్రాళ్లు ఒక మాను అడ్డంగా పడేసి కాపలా కూర్చున్నారు. వచ్చినవాళ్లని వచ్చినట్టు ఆపి ఒక పక్కన నిలబెడుతున్నారు.

ఒడీలియా మలుపు తిరిగేసరికి పిల్లలంతా అక్కడే ఉన్నారు. పెద్దలు ఒక గుంపు, పిల్లలు ఒక గుంపు. గోల చెయ్యొద్దని కుర్రాళ్లు కసిరి ఉంటారు. లిబోరియాకి మూడో తరగతిదాకా బడి గుర్తుంది. గోల లేకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో దానికి ఒక్కటే తెలుసు. పొట్టివాళ్లని ముందు, పొడుగువాళ్లని వెనక పెట్టి, జంటలు జంటలుగా చేతులు పట్టించి వరసలో నిలబెట్టేసింది. అందరూ నీలం.

ఒడీలియాకి వెనక్కి తిరిగి పారిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. మాంకా చెయ్యి తన చేతిలో ఉంది, తడిగా ఉంది. ఏ చెయ్యికి చెమట పట్టిందో తెలీలేదు.

కాపలావాళ్లు నలుగురు. మానుమీద కూర్చున్నవాడు లేచి పిల్లల వరస చుట్టూ ఒకసారి తిరిగాడు. వాణ్ని పిడుగు అంటారు, వాడే పెట్టుకున్న పేరు. తుపాకీ వాడికన్నా పొడుగ్గా కనిపిస్తోంది. మూతిమీద సన్నటి మీసం, మెడలో తాయెత్తులు, కాళ్లకి ప్లాస్టిక్ చెప్పులు, ఎవరో మగమనిషి చొక్కా మోకాళ్లదాకా.

"ఏ బడి మీది?" అన్నాడు.

"బడి కాదన్నా. పండగ" అంది లిబోరియా.

"పండగైతే వరసలెందుకు?"

"గోల చెయ్యొద్దన్నారుగా."

వెనక కూర్చున్నవాడు ఒకడు నవ్వాడు. పిడుగు నవ్వలేదు. వంగి జసింతా చిన్నకూతురి గౌను అంచు పట్టుకుని, దోమతెర కుచ్చుని పక్కకి తొలగించి, గుడ్డని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నాకు తెలీదనుకున్నారా ఈ గుడ్డ? నేను తొడిగిన గుడ్డే కదా ఇది. కుచ్చులు పెడితే మారిపోద్దా?" అని మంట వైపు చూపించాడు. చలికి వేసుకున్న మంట మాను పక్కనే మండుతోంది. "విప్పండి. అందులో వెయ్యండి."

పిల్లలకి అర్థం కాలేదు. తల్లులకి అర్థమైంది. జసింతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ చలిలో, అంతమంది ముందు, పండగపూట ఆడపిల్లలు బట్టలు విప్పి నిలబడాలి. ఎంత అన్యాయం ఇది? అయినా ఒక్క తల్లీ నోరు విప్పలేదు. విప్పితే ఏమవుతుందో చూసినవాళ్లే అందరూ.

"ఎవరు కుట్టారు?" అన్నాడు పిడుగు.

ఎవరూ చెప్పలేదు. కానీ కళ్లు ఆగవు కదా. ఒక్కొక్క జతే తిరిగి ఒడీలియా మీద ఆగాయి. ఆమె మాంకా చెయ్యి వదిలి ముందుకొచ్చింది.

"నేనే నాయనా. తప్పు నాది. ఇంకే గుడ్డా దొరకలేదు. పిల్లలకేం తెలీదు."

"బడి తెరిపిస్తున్నావా నువ్వు?"

"లేదు నాయనా. పండక్కి కుట్టాను. తగలెయ్యొద్దు, ఈ చలికి చచ్చిపోతారు. సాయంత్రానికి అన్నీ నా దగ్గరికి తెప్పించి రంగు మార్చేస్తాను. ఈ నీలం ఇంక నీ కంట పడదు. నా కూతురి మీద ఒట్టు."

"ఏ రంగు?"

చిలకపచ్చ అనబోయింది. ఈలోగా వెనకనుంచి మాంకా వచ్చేసింది. అమ్మ అబద్ధం చెబుతోందని వాళ్లు అనుకుంటారని దాని భయం.

"నిజమే అన్నా. ఇలా అవుతుంది" అని స్వెటరు గుండీలు గబగబా విప్పి, చుట్టుగుడ్డ ముడి లాగేసింది.

రవ్వ డబ్బాలోంచి ఎప్పుడు తీసిందో, తెల్లటి రవ్వ మరకలతో ముదురు పచ్చ గౌను. పెద్దల గుంపు మొత్తం ఒక్కడుగు వెనక్కి జరిగింది. మానుమీద కూర్చున్న ముగ్గురూ లేచి నిలబడ్డారు. పిడుగు మాంకా ముందు మోకాలిమీద కూర్చుని, గౌను భుజం దగ్గర గుడ్డని తడిమి చూశాడు. ఉమ్మి తడిచేసిన వేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు. రంగు అంటలేదు.

"ఇది నువ్వేనా చేసింది?"

"నేనే" అంది ఒడీలియా.

వాడు తన మిగతావాళ్ల వైపు చూశాడు. ఒకడి ఒంటిమీద చిరిగిన బనీను, ఒకడి మీద ఫుట్‌బాల్ చొక్కా, ఇంకొకడి మీద ఆడవాళ్ల కోటు. వాళ్లు కూడా ఆ గౌనునే చూస్తున్నారు.

"నీలం గుడ్డ ఇంకా ఉందా?"

అప్పుడు అర్థమైంది ఆమెకి, తమకీ ఈ రంగు బట్టలు కుట్టమంటున్నాడని. లేదనొచ్చు. లేదంటే మంట ఉంది, పిల్లలు ఉన్నారు. ఉందంటే ఈ రోజునుంచి తన మెషిన్ వాళ్లది, తన ఇల్లు వాళ్లది. ఎప్పుడో ఒకనాడు ఆ సంగతి ట్రక్కుల్లో వచ్చేవాళ్లకి తెలుస్తుంది, తెలియకుండా ఉండదు. తాడియస్ మొహం కళ్లముందు కదిలింది. జసింతా చిన్నదానికి చలికో భయానికో పళ్లు కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

"ఉంది" అంది. "మీ నలుగురికీ సరిపోతుంది. ముందు పిల్లల్ని వంతెన దాటించు. అందరూ దాటాకే కొలతలు."

తను షరతు పెట్టిందని ఆమెకి మాట బయటికొచ్చాక తెలిసింది. పిడుగు లిబోరియా వైపు చెయ్యి విసిరాడు, పొండి అన్నట్టు. పిల్లలు చేతులు వదలకుండా, వరస చెదరకుండా, మాను ఎక్కి దిగి, వంతెన బల్లలమీద టకటకమంటూ అవతలికి పోయారు. తల్లులు వాళ్ల వెనక తలలు వంచుకుని నడిచారు. జసింతా ఒడీలియా పక్కనుంచి పోతూ చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కింది. మాంకా వెళ్లనని మొండికేస్తే, స్వెటరు తొడిగి గుండీలు పెట్టి, "పో. చర్చిలో కూర్చో. ఇప్పుడే వచ్చేస్తా" అని లిబోరియా తల్లికి అప్పగించింది.

ఇక మానుకి ఇవతల ఆమె ఒక్కతే మిగిలింది.

దర్జీపని చేసే ఆడది పండక్కి పోయినా సూదీ దారం, టేపు లేకుండా పోదు. సంచిలోంచి టేపు తీసింది. టేపు ఒకసారి జారి కింద పడితే పిడుగే వంగి తీసిచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు, తుపాకీ ఛాతీకి అడ్డంగా పట్టుకుని.

"అది పక్కన పెట్టు" అంది. ఎన్నో ఏళ్లుగా అలవాటైన నోరు, మనిషి భయపడుతున్నా అది తన పని తను చేసేస్తోంది. "చేతులు పైకెత్తు."

వాడు తుపాకీ మానుకి ఆనించి, రెండు చేతులూ పైకెత్తాడు.

వెనకవాళ్లు కిసుక్కుమన్నారు. "ఒరేయ్, పిడుగుగాడు లొంగిపోయాడ్రా."

"నోరు ముయ్యండి" అన్నాడు వాడు, చేతులు దించకుండానే.

ఆమె వాడి చంకల కిందినుంచి టేపు చుట్టింది. ఆ వదులు చొక్కా లోపల పక్కటెముకలు వేళ్లకి ఒక్కొక్కటే తగిలాయి. గుండె కొట్టుకోవడం టేపు మీదనుంచి తెలిసింది. ఆమె గుండెకన్నా వేగంగా కొట్టుకుంటోంది. దగ్గర్నుంచి చూస్తే మీసం అనుకున్నది మసి. ఈ కొలత ఆమె చేతులకి బాగా తెలుసు. ఆరో తరగతి, మహా అయితే ఏడు. అవతల చర్చిలో పాట మొదలైంది, పిల్లల గొంతులు సన్నగా వాగు దాటి వస్తున్నాయి.

ఆమె కొలత చూసి, పైకి అంకె చెప్పింది. వాడు వెంటనే పట్టుకున్నాడు.

"అబద్ధం. టేపుమీద అంత లేదు. నేను చూశా. గుడ్డ కొట్టేద్దామనుకుంటున్నావా?"

"లేదు నాయనా. కొలతమీద నాలుగు వేళ్లు ఎక్కువ చెప్పాను. లోపల మడిచి కుడతాను. పెరిగే ఒళ్లు కదా, వచ్చే ఏడాదికి కుట్లు విప్పుకుంటే సరిపోతుంది."

బడి పిల్లలకి అలాగే కుట్టేది ఆమె. వేరేలా కుట్టడం ఎప్పుడూ తట్టలేదు.

వాడి చేతులు ఇంకా పైనే ఉన్నాయి. కళ్లు మాత్రం ఆమె మీదనుంచి తప్పించి, రోడ్డు వైపు, ట్రక్కులు వచ్చే వైపు చూశాడు.

"వచ్చే ఏడాదికా" అన్నాడు.

"ఊఁ."

"అయితే ఇంకొంచెం ఎక్కువే వదులమ్మా" అన్నాడు.